హిమోగ్లోబిన్ 12.4 ఉన్నా రోజూ ఐరన్ మాత్ర వేసుకోవాల్సిందేనా?

ఐదో నెల:
మొదటి రక్తపరీక్షలో నా హిమోగ్లోబిన్ 12.4. పదకొండు దాటితే రక్తహీనత లేనట్టే కదా. అయినా 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకోమన్నారు. వేసుకోవడం మొదలుపెట్టాక వేవిళ్ళు తగ్గిన సంతోషం కూడా మిగల్లేదు. మలబద్ధకం, నోట్లో ఇనుము రుచి. పది రోజులుగా మానేశాను, డాక్టరుగారికి ఇంకా చెప్పలేదు. లోపం లేనివాళ్ళకి ఇది ఎందుకో ఎవరైనా చెప్తారా?

లెక్క అడిగేవాడు:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. బ్రిటన్‌లో గర్భిణులందరికీ ఐరన్ ఇవ్వరు, లోపం కనబడితేనే ఇస్తారు. అమెరికాలో ఇలాంటి సిఫార్సులు తేల్చే నిపుణుల బృందం 2015లోనూ, మళ్ళీ 2024లోనూ ఒకటే మాట అంది: లక్షణాలు లేనివాళ్ళందరికీ ఇవ్వడం వల్ల మేలో కీడో తేల్చేంత ఆధారం లేదని. అందరికీ ఒకే మాత్ర అనేది వైద్యం కంటే పంపకంలాగా ఉంది.

రెండు కాన్పుల తల్లి:
పంపకం అనేశారు బాగానే ఉంది గానీ, ఆ 12.4 ఏం చెప్తుందో చూడండి. కుళాయిలో నీళ్ళు వస్తున్నంత మాత్రాన ట్యాంకు నిండుగా ఉన్నట్టు కాదు. హిమోగ్లోబిన్ కుళాయి, ఒంట్లో ఐరన్ నిల్వ ట్యాంకు. ట్యాంకు అడుగంటే దాకా కుళాయి ధార తగ్గదు. ఒక కాన్పుకి మొత్తం మీద సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అందులో 300 దాకా బిడ్డకీ మాయకీ పోతుంది, అంతకంటే ఎక్కువే తల్లి ఒంట్లో కొత్తగా తయారయ్యే ఎర్ర కణాలకి పోతుంది. ఈ ఖర్చు ఎక్కువగా చివరి నెలల్లోనే. మొదటి పరీక్ష చూసుకుని నిశ్చింతగా ఉంటే ఎనిమిదో నెలలో తెలుస్తుంది. నాకు మొదటిసారి అలాగే తెలిసింది, మెట్లు ఎక్కుతుంటే ఆయాసం.

ఆధారం లేదన్నారు కదా, వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి చూసే 2015 కోక్రేన్ సమీక్షలో రోజూ ఐరన్ తీసుకున్నవాళ్ళలో నెలలు నిండేసరికి రక్తహీనత 70 శాతం తక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 30 నుంచి 60 మిల్లీగ్రాములు అనడం ఊరికే కాదు.

లెక్క అడిగేవాడు:
రక్తహీనత అంకె తగ్గుతుందని నేనూ ఒప్పుకుంటా. బిడ్డకి కలిగే మేలు మాత్రం అంత స్పష్టంగా లేదు. పైగా ఐదారు నెలలకి రక్తంలో నీరు పెరిగి హిమోగ్లోబిన్ ఎలాగూ కాస్త దిగుతుంది, అదంతా జబ్బు కాదు. ట్యాంకు అన్నారుగా, మరి ట్యాంకు కొలిచే ఫెరిటిన్ పరీక్ష ఉంది. కొలవకుండా పోయడం ఎందుకు? తలసేమియా అనే వంశపారంపర్య రక్తలోపపు జన్యువు మోస్తున్నవాళ్ళకి ఐరన్ సరిపడా ఉన్నా హిమోగ్లోబిన్ తక్కువే చూపిస్తుంది.

మౌనంగా చదివేదాన్ని:
మానేస్తే బిడ్డకి వెన్నుపూసలో లోపం వస్తుందని విన్నాను. అది నిజమేనా? భయం వేస్తోంది.

మాత్రల డబ్బా:
ఆ టెన్షన్ వద్దమ్మా. ఒకే మాత్రలో ఉన్నాయి కాబట్టి రెండు సంగతులూ కలిపేస్తున్నారు. వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ గర్భానికి ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు తీసుకోవాలి. అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్ళకి 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్ళీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గుతుందని 1991లోనే తేలింది. దాని మీద వాదన లేదు. ఐదో నెలలో మాత్ర మానినందుకు ఆ లోపం రాదు. రక్తం పట్టడానికి మాత్రం ఫోలిక్ యాసిడ్ అవసరం ఉంటూనే ఉంటుంది. ఇక్కడి గొడవంతా ఐరన్ గురించే.

ఐదో నెల గారూ, పడకపోతే చెప్పకుండా మానడం కాదు, మోతాదు మార్చమని అడగండి. 60 బదులు 30 ఉంది. రక్తహీనత మరీ ఎక్కువగా లేని సమాజాల్లో, రోజూ మాత్ర పడనివాళ్ళకి వారానికొకసారి 120 మిల్లీగ్రాములు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. టీ, కాఫీ, కాల్షియం మాత్ర పక్కన వేసుకోకండి, ఒంటికి పట్టదు. మలం నల్లగా రావడం మామూలే, కంగారు పడొద్దు.

ఐదో నెల:
డాక్టరుగారికి చెప్పేశాను. చిన్న చీవాట్లు తప్పలేదు. ఫెరిటిన్ చేయిస్తే 13 వచ్చింది, 15 కంటే తక్కువంటే నిల్వలు అడుగంటినట్టేనట. మాత్ర మార్చారు, రాత్రి పడుకునే ముందు వేసుకుంటున్నా. ఇనుము రుచి పోయింది, రెండోది ఇంకా పోలేదు.

రెండు కాన్పుల తల్లి:
చూశారా, కుళాయి 12.4, ట్యాంకు ఖాళీ.

లెక్క అడిగేవాడు:
చూశాను. కొలిచారు కాబట్టే తెలిసింది. నేను మొదట్నుంచీ అడుగుతున్నదీ అదే.