ప్రకృతి వరణం: ‘పురుగు రంగు మార్చుకుంది’ అని రాసే పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: బయాలజీ టీచర్, దిల్‌సుఖ్‌నగర్

పదో తరగతికి జీవ పరిణామం, అందులో ప్రకృతి వరణం (పరిసరాలకు నప్పే గుణాలున్నవే ఎక్కువగా బతికి పిల్లల్ని కనడం) చెప్పాలి. 40 నిమిషాల పీరియడ్లు రెండున్నాయి. జీవి తన బతుకులో తెచ్చుకున్న మార్పే పిల్లలకు వస్తుందన్న లామార్క్‌కీ, ప్రకృతి వరణం చెప్పిన డార్విన్‌కీ తేడా అడిగితే పిల్లలు గడగడా అప్పజెప్తారు. తీరా పరీక్షలో ‘కాకి నుంచి తప్పించుకోవడానికి పురుగు ఆకుపచ్చగా మారింది’ అని రాస్తారు. క్లాసులో చేతులతో చేయించగలిగేది ఏమైనా ఉందా? ఈ ఆలోచన చరిత్రను డార్విన్ చూసిన గలపాగస్ దీవుల ఫించ్ పక్షులతోనే మొదలుపెట్టాలా?

జవాబు: ల్యాబ్ ఇన్‌చార్జి, తార్నాక

పంచింగ్ మిషన్, నాలుగు రంగుల కాగితాలు, ఒక మీటరు ప్రింటు గుడ్డ ఉంటే చాలండి. ఒక్కో రంగువి 25 చొప్పున 100 చుక్కలు గుడ్డ మీద చల్లండి. ఐదుగురు పిల్లలు పక్షులన్నమాట. గుడ్డకు వీపు పెట్టి నిలబడాలి, తిరిగి చూసి మొదట కంటబడ్డ ఒక్క చుక్కనే తీసుకోవాలి, మళ్లీ అటు తిరగాలి. తలా 15 తీస్తే 25 మిగులుతాయి. గుడ్డ దులిపి, రంగులవారీగా లెక్కపెట్టి, మిగిలిన ప్రతి చుక్కకూ అదే రంగువి మూడు కలపండి. మళ్లీ 100 అవుతాయి. ఇలా మూడు తరాలు చేసి, లెక్కలు బోర్డు మీద పట్టికగా వేయండి.

చెడేది ఎక్కడంటే: సాదా గుడ్డ వాడితే కొట్టొచ్చినట్టు కనబడే రంగు మొదటి తరంలోనే తుడిచిపెట్టుకుపోతుంది, తరాల వెంట మార్పు కనబడదు. ఆకులూ పూలూ కిక్కిరిసిన గుడ్డే కావాలి. ఫ్యాన్ ఆపేయండి. పిల్లలు గుప్పిళ్లతో ఊడ్చినా, వేళ్లతో తడిమి తీసినా కంటి పని పోయి ఫలితం కలగాపులగమవుతుంది.

చివర్లో ఒకే ప్రశ్న అడగండి: ఆట మొత్తంలో రంగు మారిన చుక్క ఒక్కటైనా ఉందా? ఉండదు. మారింది గుంపులో ఏ రంగు వాటా ఎంత అన్నదే.

టైముంటే రంగుకు 3 చొప్పున 12 చుక్కలే వేసి, కళ్లు మూసుకుని 9 తీయించండి. మిగిలేవి మూడే కాబట్టి కనీసం ఒక రంగు పోయి తీరుతుంది. ఏ రంగుకూ మేలు లేకపోయినా చిన్న గుంపులో కొన్ని గుణాలు ఇలా మాయమవుతాయి. దీన్ని వరణంతో కలిపేయకుండా జెనెటిక్ డ్రిఫ్ట్ అని విడిగా చెప్పాలి.

జవాబు: సైన్సు చరిత్ర చదువరి, సికింద్రాబాద్

ఫించ్ పక్షులతో వద్దండి. 1835లో గలపాగస్‌లో ఉన్నప్పుడు ఏ ఫించ్ ఏ దీవిదో డార్విన్ సరిగ్గా రాసిపెట్టుకోలేదు. అవి వేర్వేరు జాతులని 1837లో లండన్‌లో తేల్చింది పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్. 1859 నాటి డార్విన్ పుస్తకం ‘జాతుల ఉత్పత్తి’ మొదలయ్యేది పెంపుడు జీవులతో, అందులోనూ ముఖ్యంగా పావురాలతో. మామూలు పావురం తోకలో 12 లేదా 14 ఈకలైతే, విసనకర్ర తోక ఉన్నదానికి 30, 40 కూడా ఉంటాయని అందులో రాశాడు. మన పాతబస్తీలో లక్కా కబూతర్ అనేది అదే. పెంచేవాళ్లు ఈకలు అతికించలేదు, తోక ఎక్కువ విప్పినవాటినే జత కలుపుతూ వచ్చారు.

అడవిలో ఆ ఎంపిక ఎవరు చేస్తారు? జనాభా తిండికన్నా వేగంగా పెరుగుతుందన్న మాల్థస్ వ్యాసం 1838 సెప్టెంబరులో చదివాక డార్విన్‌కు తట్టింది: పుట్టినవన్నీ బతకవు, ఆ ఎంపిక బతుకు పోరాటమే చేస్తుంది. 1844కల్లా పెద్ద వ్యాసం రాసి కూడా అచ్చు వేయించలేదు. 1858లో ఇప్పటి ఇండోనేషియాలోని టెర్నేట్ దీవి నుంచి ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ పంపిన వ్యాసంలో అదే ఆలోచన కనబడింది, ఆయనకూ మాల్థసే దారి చూపాడు. ఆ ఏడాది జులై 1న లండన్ లిన్నేయన్ సొసైటీలో ఇద్దరి రాతలూ కలిపి చదివారు. వాలెస్ పేరు తప్పకుండా చెప్పండి, ఆయనకు దక్కాల్సిన వాటా అది.

బయాలజీ టీచర్:

చాలా ఉపయోగపడ్డాయండి. ఒక అనుమానం. చుక్కల ఆటలో పిల్లకు తల్లి రంగే వస్తోంది. ఎరుపూ పచ్చా జతకడితే మధ్య రంగు రాదా అని ఎవరైనా అడిగితే?

జవాబు: ల్యాబ్ ఇన్‌చార్జి, తార్నాక

1867లో ఫ్లీమింగ్ జెన్‌కిన్ అనే ఇంజనీరు డార్విన్‌ను ఇరకాటంలో పెట్టింది ఇలాంటి ప్రశ్నతోనే. గ్లాసులో 100 మి.లీ. ఎర్ర సిరా నీళ్లు తీసుకోండి. సగం పారబోసి మంచినీళ్లతో నింపండి. ఐదుసార్లు చేస్తే ఎరుపు 32వ వంతుకు పడిపోతుంది. గుణాలు ఇలా కలిసిపోయేవైతే కొత్త గుణం ఎంత మంచిదైనా వరణం పట్టుకునేలోపే పలచబడిపోతుంది. డార్విన్ దగ్గర దీనికి సరైన జవాబు లేదు.

జవాబు మెండెల్ బఠాణీల్లో ఉంది. పొడుగు, పొట్టి మొక్కల్ని కలిపితే మొదటి తరంలో కనబడని పొట్టి గుణం రెండో తరంలో నాలుగింట ఒక వంతు మొక్కల్లో చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. అది 1866లోనే అచ్చయినా అందరి దృష్టికీ వచ్చింది 1900లో. ఆ తర్వాత ఫిషర్, హాల్డేన్, రైట్ అనే శాస్త్రవేత్తలు డార్విన్ వరణాన్నీ మెండెల్ వారసత్వాన్నీ లెక్కలతో కలిపారు.

రెండో పీరియడ్‌లో హాల్డేన్ 1924 లెక్క ఒకటి చూపించండి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో మామూలుగా తెల్లగా ఉండే ఒక మాత్ (రాత్రి ఎగిరే, సీతాకోకచిలుక లాంటి పురుగు) నల్ల రకం 1848లో మొదట నమోదైంది, 1895కల్లా నూటికి 98 నల్లవే. ఏడాదికి ఒక్క తరం. ఇంత వేగం రావాలంటే నల్లవాటి సంతానం తెల్లవాటికన్నా సగం ఎక్కువ ఉండాలని ఆయన తేల్చాడు. మీ బోర్డు మీది పట్టిక పక్కనే ఈ అంకెలు వేసి, రెండింటిలోనూ ‘మారింది ఏమిటి?’ అని ఒక్క వాక్యంలో రాయమనండి. ‘పురుగు మారింది’ అని రాసిన పిల్లలతో చుక్కలు మళ్లీ లెక్కపెట్టించండి.