ఒకే జీన్ రెండు వేర్వేరు బ్యాక్టీరియాల్లోకి ఎలా వచ్చింది? నాన్న కల్చర్ రిపోర్టులు అర్థం కావడం లేదు

వేకువ_చుక్క:

నాన్నకి 67 ఏళ్లు. పేగు ఆపరేషన్ తర్వాత 23 రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు వార్డుకి మార్చారు. జ్వరం లేదు, నెమ్మదిగా తింటున్నారు. కానీ విడిగా సింగిల్ రూములో పెట్టి, లోపలికి వచ్చే ప్రతివాళ్లూ గౌను, గ్లోవ్స్ వేసుకుంటున్నారు. అది చూసి ఆయన "నాకేదో చెప్పకూడని జబ్బు వచ్చింది" అని బెంగ పెట్టుకున్నారు.

నా దగ్గర మూడు కాగితాలున్నాయి. ఐసీయూలో చేర్చిన రోజు మలద్వారం నుంచి తీసిన స్వాబ్‌లో రెసిస్టెంట్ (మందులకి లొంగని) బ్యాక్టీరియా ఏమీ లేదు. 9వ రోజు స్వాబ్‌లో "క్లెబ్సియెల్లా, ఎన్‌డీఎం పాజిటివ్". 20వ రోజు స్వాబ్‌లో ఆ క్లెబ్సియెల్లాతో పాటు "ఈకొలై, ఎన్‌డీఎం పాజిటివ్". డాక్టర్‌ని అడిగితే "ఇవి ఐసీయూల్లో మామూలేనమ్మా, ఇన్ఫెక్షన్ లేదు, ట్రీట్‌మెంట్ అక్కర్లేదు" అన్నారు. తమ్ముడేమో, రెండుసార్లు రెండు రకాలు అంటించారంటే అక్కడ శుభ్రతే లేదని గొడవకి సిద్ధంగా ఉన్నాడు.

నిజంగా రెండుసార్లు అంటిందా? ఇంకో సందేహం: ఎన్‌డీఎం ఉంటే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పనిచేయదట. నాన్నకి అది మొదలుపెట్టింది 12వ రోజు. అంతకుముందు సెఫ్‌ట్రియాక్సోన్, అమికాసిన్ ఇచ్చారు. వాడని మందుకి 9వ రోజుకే రెసిస్టెన్స్ ఎలా వస్తుంది?

గోరువెచ్చని_నీళ్లు:

గతంలో ఎప్పుడో యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపేసి ఉంటారండీ. అలా చేస్తే శరీరం మందుకి అలవాటు పడిపోతుంది. అందుకే తర్వాత ఏదీ పనిచేయదు.

రాత్రి_బెంచ్:

ముందు పై కామెంట్ గురించి ఒక్క మాట. మందుకి లొంగకుండా పోయేది శరీరం కాదండీ, బ్యాక్టీరియా. ఇక ఎన్‌డీఎం లాంటి జీన్, మందు మధ్యలో ఆపినంత మాత్రాన ఒంట్లో కొత్తగా పుట్టదు. బయటి నుంచి రావాల్సిందే. పాపం ఆ పెద్దాయన్ని అనకండి.

నేను 16 ఏళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఎక్కువగా రాత్రి డ్యూటీలు. వైద్యం సంగతి చెప్పను, అది డాక్టర్ల పని. ప్లేట్ మీద ఏం కనిపిస్తుందో అది చెప్తాను.

ఎన్‌డీఎం అనేది బ్యాక్టీరియా పేరు కాదు. అదొక ఎంజైమ్ పేరు, దాన్ని తయారుచేసే జీన్‌నీ ఆ పేరుతోనే పిలుస్తాం. మెరోపెనెమ్ లాంటి మందుల్ని అది విరగ్గొట్టేస్తుంది. మేం దీన్ని పట్టుకునే ఒక పద్ధతి ఇది. అనుమానం ఉన్న బ్యాక్టీరియాని ట్యూబులో కలిపి, అందులో మెరోపెనెమ్ డిస్క్ వేసి 4 గంటలు ఉంచుతాం. తర్వాత ఆ డిస్క్ బయటికి తీసి, ఏ మందుకైనా చచ్చే బుద్ధిమంతురాలైన ఈకొలై పరిచిన ప్లేట్ మీద పెడతాం. డిస్క్‌లో మందు మిగిలుంటే తెల్లారేసరికి చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. ఎన్‌డీఎం ఉండుంటే ఆ బుద్ధిమంతురాలు కూడా డిస్క్ అంచుదాకా పెరిగిపోయి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మందు లేని ఉత్త డిస్క్ పెట్టానేమో అనుకుని, టెస్టు మొత్తం మళ్లీ చేశాను.

ఇప్పుడు మీ ప్రశ్న. ఈ జీన్ సాధారణంగా బ్యాక్టీరియా అసలు క్రోమోజోమ్‌లో కాక, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఉంటుంది. ఒక బ్యాక్టీరియా పక్కదాన్ని సన్నటి గొట్టంలాంటి దానితో దగ్గరికి లాక్కుని ఆ ప్లాస్మిడ్ కాపీని దానికి ఇవ్వగలదు. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టే, ఇచ్చినదాని దగ్గరా ఉంటుంది, పుచ్చుకున్నదాని దగ్గరా ఉంటుంది. పుచ్చుకునేది అదే జాతి కావాలని లేదు. క్లెబ్సియెల్లా, ఈకొలై పేగుల్లో పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి మీ నాన్నగారికి బయటి నుంచి వచ్చింది క్లెబ్సియెల్లా ఒక్కటే అయ్యుండొచ్చు. ఈకొలై ఎప్పటినుంచో ఆయన సొంతదే, దాని చేతికి ప్లాస్మిడ్ ఐసీయూలో అందింది. నన్నడిగితే నూటికి ఎనభై పాళ్లు ఇదే. రెండు ప్లాస్మిడ్లనీ సీక్వెన్స్ చేస్తే, అంటే వాటి డీఎన్‌ఏని అక్షరం అక్షరం చదివి పోలిస్తే తప్ప ఖాయంగా చెప్పలేం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 1959లో జపాన్‌లో అకిబా, ఒచియాయి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఈ సంగతి పట్టుకున్నారు. అక్కడ రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకి లొంగకుండా పోయింది. నాలుగింటికి నాలుగు మార్పులు విడివిడిగా రావడం నమ్మశక్యంగా లేదు. వెతికితే ఈకొలై నుంచి షిగెల్లాకి నాలుగూ ఒకే మూటగా వెళ్తున్నాయని తేలింది. ఎన్‌డీఎం సంగతైతే ఇంకా దగ్గర. 2008లో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో దొరికిన క్లెబ్సియెల్లాలో దీన్ని మొదటిసారి గుర్తించారు. ఆయన అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స పొందారు కాబట్టి ఆ ఊరి పేరు తగిలించారు, ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. పేరు మీద పెద్ద రచ్చే అయింది, ఆ కోపంలో న్యాయం ఉందనే నేనంటాను. అది అలా ఉంచితే, అదే మనిషి మలంలో ఈకొలై కూడా దొరికింది, దానిలోనూ ఎన్‌డీఎం ఉంది. అంటే మీ చేతిలో ఉన్న కాగితాల్లాంటివే ఆ మొట్టమొదటి కేసులోనూ ఉన్నాయి.

వాడని మందుకి రెసిస్టెన్స్ ఎలా అన్నారు. పైన "మూట" అన్నాను చూడండి, జవాబు అందులోనే ఉంది. ఎన్‌డీఎం మోసే ప్లాస్మిడ్ మీద చాలాసార్లు అమికాసిన్‌ని తప్పించుకునే జీన్ కూడా ఉంటుంది. సెఫ్‌ట్రియాక్సోన్‌ని ఎన్‌డీఎమ్మే విరగ్గొడుతుంది. ఆ రెండు మందులూ పడ్డప్పుడు పేగుల్లోని మామూలు బ్యాక్టీరియా చాలావరకు పోయి, మూట ఉన్నదానికి ఇల్లంతా ఖాళీగా దొరికింది. ఆ మందులు ఇవ్వడం తప్పని అనడం లేదు, పేగు ఆపరేషన్ తర్వాత ఇవ్వక తప్పదు. మెరోపెనెమ్ ముట్టుకోకుండానే మెరోపెనెమ్ రెసిస్టెన్స్ పెరగడానికి దారి అది.

ఇక శుభ్రత, గొడవ. ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒకే ఐసీయూ నుంచి రెండు నెలల్లో ముగ్గురి శాంపిళ్లలో మెరోపెనెమ్ రెసిస్టెంట్ వచ్చింది. ఒకటి క్లెబ్సియెల్లా, ఒకటి ఈకొలై, ఒకటి సిట్రోబాక్టర్. ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లు ఫోన్ చేసి "మూడూ ఒకటేనా?" అని అడిగారు. "కాదు, మూడూ వేరు" అని చెప్పింది నేనే. వేరైతే ఒకరి నుంచి ఒకరికి పాకలేదని ఫైల్ మూసేశారు. అప్పట్లో ఏ జీన్ అన్నది చూసేవాళ్లం కాదు, రెసిస్టెంట్ అని రాసి పంపడమే. తర్వాత అయిదు రకాల ఎంజైములు పావుగంటలో చెప్పే కార్డులు వచ్చాయి. ఒక రాత్రి పని తక్కువగా ఉంటే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచిన ఆ మూడింటినీ తీసి పెంచి, మర్నాడు రాత్రి కార్డు మీద వేశాను. మూడింటికీ ఎన్‌డీఎం గీత దగ్గరే రంగు వచ్చింది. నేను బ్యాక్టీరియా పేరు చూసి "వేరు" అన్నాను. వార్డంతా తిరుగుతున్నది జీన్. తర్వాత ఆ ఐసీయూ సింక్ డ్రెయిన్ నుంచి స్వాబ్ తీస్తే సిట్రోబాక్టర్, క్లెబ్సియెల్లా రెండూ ఎన్‌డీఎంతో పెరిగాయి. సింక్ నుంచి రోగులకి వెళ్లిందా, రోగుల నుంచి సింక్‌కి వచ్చిందా అన్నది ఆ స్వాబ్ చెప్పదు.

వేకువ_చుక్క:

చాలా థ్యాంక్సండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. కానీ సింక్ ఏమిటి? అది చేతులు కడుక్కునే చోటు కదా, అక్కడి నుంచి రావడమేంటి?

నైట్_సిస్టర్:

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని, ఇది నేను చెప్తాను. సింక్ కింద వంపు తిరిగిన పైపు ఉంటుంది కదా, వాసన పైకి రాకుండా అందులో ఎప్పుడూ కాస్త నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ వంపులో పాకుడులాంటి జిగురు పొర పడుతుంది, బ్యాక్టీరియా కాపురం అందులోనే. 2017లో అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు మెరిసే ఈకొలైని ఆ వంపులో వేసి చూశారు. పోషకాలు అందితే అది పైపు గోడ పట్టుకుని రోజుకి దాదాపు 2.5 సెంటీమీటర్లు పైకి పాకి, వారంలో సింక్ జల్లెడ దగ్గరికి వచ్చింది. జల్లెడదాకా వచ్చాక, కుళాయి తిప్పితే ఆ చిందులతో చుట్టూ పడింది.

దానికి పోషకాలు ఎవరు పోస్తున్నారు అంటే, మేమే. మిగిలిన పాలు, ట్యూబ్ ఫీడ్, గ్లూకోజ్ సీసాలో అడుగున ఉన్నది, అన్నీ సింక్‌లోకే. పక్కనే మందుల ట్రే. నాకీ సంగతి తెలిసే సరికి సర్వీసులో తొమ్మిదేళ్లు గడిచాయి. ఇప్పుడు మా దగ్గర చేతులు కడిగే సింక్‌లో ఇంకేదీ పోయకూడదని బోర్డు పెట్టాం. బోర్డు ఉంది, పోసేవాళ్లూ ఉన్నారు.

గౌను, గ్లోవ్స్ మీ నాన్నగారి మీద అసహ్యంతో కాదమ్మా. మా చేతుల మీద అది పక్క బెడ్డుకి వెళ్లకుండా. ఆయనకి అలా చెప్పి చూడండి. ఇంకో మాట, ఎన్‌డీఎం ఉన్నా హ్యాండ్ రబ్ రాసుకుంటే ఆ బ్యాక్టీరియా చస్తుంది. ఆ జీన్ మందుని విరగ్గొడుతుంది గానీ ఆల్కహాల్‌ని ఏమీ చేయలేదు.

వేకువ_చుక్క:

సిస్టర్, నిజం చెప్పేస్తాను. నాన్న తాగగా మిగిలిన పాలు ఆ సింక్‌లో పారబోసి గ్లాసు కడిగింది నేనే. రోజూ.

ఇంటికి తీసుకెళ్లాక ఏం చేయాలి? మా అబ్బాయికి రెండేళ్లు, తాతయ్యని వదలడు.

రాత్రి_బెంచ్:

మీరొక్కరే కాదులెండి, మా ల్యాబ్‌లో టీ కప్పులు ఎక్కడ కడిగేవాళ్లమో నేను చెప్పను.

పిల్లాడిని తాత ఒడిలో కూర్చోనివ్వండి. టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, తినేముందు ఆయన సబ్బుతో చేతులు కడుక్కుంటే సాధారణంగా చాలు. కుట్లు మానకపోయినా, ట్యూబులేమైనా ఉన్నా డిశ్చార్జ్ రోజు డాక్టర్‌ని విడిగా అడగండి. పేగుల్లో ఊరికే ఉన్నదాన్ని పోగొట్టాలని యాంటీబయాటిక్ వేయించకండి, మళ్లీ దానికే ఇల్లు ఖాళీ చేసి ఇచ్చినట్టవుతుంది. కొందరిలో కొన్ని నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది, కొందరిలో ఏడాది దాటినా ఉంటుంది.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఆయన్ని మళ్లీ ఏ ఆసుపత్రిలో చేర్చినా, మొదటి గంటలోనే ఎన్‌డీఎం ఉన్న రిపోర్ట్ చూపించండి. విడి గది కోసమే కాదు. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే మందు ఎంచుకోవడంలో అది పెద్ద తేడా తెస్తుంది. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందు కొన్ని ఇతర ఎంజైముల్ని అడ్డుకుంటుంది, ఎన్‌డీఎం దగ్గర ఒంటరిగా పనిచేయదు. దానికి ఆజ్‌ట్రియోనామ్ కలిపి ఇవ్వడం లాంటి దారులున్నాయి. కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మీ కాగితం ఉంటే డాక్టర్‌కి ఆ రోజులు కలిసొస్తాయి.

వేకువ_చుక్క:

రిపోర్టులు మూడూ ఫైల్‌లో అన్నింటికన్నా పైన పెట్టాను. నాన్నకి గౌను సంగతి చెప్పాను. "అయితే నా నుంచి వాళ్లని కాపాడుతున్నారన్నమాట" అని కాస్త నవ్వారు. ఇదంతా తమ్ముడికి పంపాను. గొడవ మానేశాడు. ఇప్పుడు ఐసీయూ సింక్ ఫొటో తీసి పంపమంటున్నాడు.