ఢిల్లీలో కాపురం ఎక్కడ పెట్టుకుంటే మేలు?

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఇటే ఉండిపోయిన తెలుగు కుటుంబం. మావారికి దక్షిణ ఢిల్లీలో ఏసీ మెకానిక్ పని కుదిరినందున వచ్చే నెల అందరమూ అక్కడికి మారవలసి ఉంది. మునీర్కాలో ఒక గదికి బేరం కుదిరిన తరువాత, వంటింట్లో చేపలు వండరాదని ఇంటి యజమాని షరతు పెట్టారు. ఎండు మెత్తళ్లు లేనిదే మా అత్తగారికి ముద్ద దిగదు.

అసలు బెంగ పాప చదువు గురించి. ఒడియా మీడియంలో మూడో తరగతి చదువుతున్న పాప, ఇంట్లో మాట్లాడే తెలుగును కూడా ఒడియా అక్షరాలతోనే రాస్తుంది. మొన్న అమ్మమ్మకు అలా రాసిన ఉత్తరాన్ని నేనే చదివి వినిపించవలసి వచ్చింది. 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు జనక్‌పురీ, ప్రసాద్ నగర్, పుష్ప విహార్‌లలో ఉన్నాయి. హిందీ బొత్తిగా రాని పిల్ల ఏడాది మధ్యలో అక్కడ చేరి నెగ్గుకురాగలదా? పుష్ప విహార్ చుట్టుపక్కల, చేపల వంటకు అభ్యంతరం లేని ఇళ్లు చిన్న జీతగాళ్లకు అందుబాటులో ఉంటాయా? మా ఒడిశా రేషన్ కార్డుపై అక్కడి డిపోలో ఇబ్బంది లేకుండా బియ్యం తీసుకుంటున్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి మీ అనుభవం తెలియజేయగలరు.