వాన పడిన మూడో రోజే రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఎందుకు?

ప్రశ్న (ఎడ్మండ్, ఓక్లహోమా):
మేము గత ఆగస్టులో న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చాము. మా ఇంటి కంచె దాటితే అంతా ఖాళీ మైదానం, అందులో నడుమెత్తు ఎండు గడ్డి, అక్కడక్కడ సీడర్ చెట్లు. మంగళవారం వాన బాగానే కురిసింది. అయినా శుక్ర, శనివారాలకు జాతీయ వాతావరణ సంస్థ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక (మంటలు త్వరగా చెలరేగే వాతావరణం ఉందన్న హెచ్చరిక) జారీ చేసింది. ఎండ 75 డిగ్రీల ఫారన్‌హీట్ దాటదని కూడా అదే సంస్థ చెబుతోంది. కర్నూలు వైపు పెరిగిన నాకు అగ్ని భయమంటే నడివేసవి మాట. వాన పడ్డాక, ఎండ ముదరకముందే ఈ హెచ్చరిక ఎందుకో వివరించగలరా? శనివారం పెరట్లో హోమం చేయించాలని అనుకున్నాము. చేయించవచ్చునా?

జవాబు 1 (నార్మన్):
ఈ మైదానాలలో మంటకు ఎండ తీవ్రత కన్నా గాలి వేగం, గాలిలోని పొడితనం, చచ్చిన గడ్డి ముఖ్యం. ఈ మూడూ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఒకేసారి కలుస్తాయి. నిరుటి వేసవి వానలకు ఏపుగా పెరిగిన గడ్డి శీతాకాలపు మంచుకు చచ్చి, కొత్త పచ్చదనం వచ్చేదాకా నిలువునా ఎండి ఉంటుంది. అందువల్ల నిరుడు వానలు ఎంత బాగా పడితే ఈ వసంతంలో కాలడానికి గడ్డి అంత ఎక్కువ. ఇక మంగళవారపు వాన సంగతి: చెట్టు మొద్దు తడిస్తే ఆరడానికి వారాలు పడుతుంది కాని, గడ్డిపోచకు పొడిగాలి తగిలితే గంట రెండు గంటలు చాలు.

ఆ పొడిగాలి పశ్చిమం నుంచి వస్తుంది. రాకీ పర్వతాల మీదుగా, మెక్సికో పీఠభూమి మీదుగా వచ్చే గాలి కిందికి దిగేకొద్దీ ఒత్తిడికి వేడెక్కుతుంది, దానిలోని తేమ శాతం పడిపోతుంది. కొలరాడో, కాన్సాస్ వైపు బలమైన అల్పపీడనం ఏర్పడిన రోజున ఆ గాలి మన మీదికి ఉరుకుతుంది. ప్రాంతాన్ని బట్టి కొలతలు కొంత మారినా, సాధారణంగా తేమ 20 శాతం లోపుకు పడిపోయి, గాలి గంటకు 20 మైళ్లకు మించి నిలకడగా వీస్తుందని తేలినప్పుడు రెడ్ ఫ్లాగ్ ఎగురుతుంది. మా ఊళ్లోనే ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ సుడిగాలులకు ఇచ్చినట్టే మంటలకూ రోజువారీ అంచనా ఇస్తుంది. అందులో ‘క్రిటికల్’ లేదా ‘ఎక్స్‌ట్రీమ్లీ క్రిటికల్’ అని ఉంటే తేలికగా తీసుకోకండి.

జవాబు 2 (అమరిల్లో, టెక్సాస్):
పై జవాబుకు ఒక విషయం చేర్చాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేది తరచుగా ఇక్కడే. అల్పపీడనం వెనుకనే కోల్డ్ ఫ్రంట్, అంటే ముందుకు తోసుకొచ్చే చల్లగాలి అంచు, వస్తుంది. అప్పటిదాకా నైరుతి నుంచో పడమటి నుంచో వీచిన గాలి కొద్ది నిమిషాల్లో ఉత్తరానికి తిరుగుతుంది. తూర్పు దిక్కుగా సన్నగా, పొడవుగా సాగిన మంటకు దక్షిణపు అంచు మైళ్ల కొద్దీ ఉంటుంది. గాలి తిరగగానే ఆ అంచంతా ముందు వరుసగా మారి కదులుతుంది. 2024 ఫిబ్రవరి 26న మా పాన్‌హాండిల్‌లో (టెక్సాస్ ఉత్తరపు కొసలో) మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట మరునాడు కెనేడియన్ పట్టణం పక్కగా ఓక్లహోమా సరిహద్దు దాటింది, ఆ సాయంత్రమే గాలి మారి దక్షిణానికి మళ్లింది. 29న మంచు కురిసి కొంత అదుపులోకి వచ్చే సమయానికి చాలా భాగం కాలిపోయింది. మొత్తం 10 లక్షల ఎకరాలకు పైగా బూడిదైంది, ఇద్దరు మరణించారు, వేల పశువులు పోయాయి. టెక్సాస్ చరిత్రలో అంతకన్నా పెద్ద మంట లేదు. మంట మన ఇంటికి దూరంగా, పక్కగా పోతోంది కదా అని ఊరుకోవద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఫ్రంట్ ఏ గంటకు వస్తుందో వాతావరణ సూచనలో ముందే ఉంటుంది, ఆ గంటను తప్పకుండా చూసుకోండి.

జవాబు 3 (స్టిల్‌వాటర్, ఓక్లహోమా):
ఊళ్లో ఉన్నాము కనుక భయం లేదన్న నమ్మకం 2025 మార్చి 14న మా ఊరికి చెదిరిపోయింది. ఆ రోజు హోలీ. రాష్ట్రంలో 130కి పైగా మంటలు లేచాయి, కొన్నిచోట్ల గాలి విసురు గంటకు 70 మైళ్లు దాటింది, నీళ్లు చల్లే విమానాలు ఎగరలేకపోయాయి. మా ఊరు, దాని చుట్టుపక్కల 200కు పైగా ఇళ్లు, కట్టడాలు దెబ్బతిన్నాయి. విశ్వవిద్యాలయంలో చదివే మన పిల్లలు ఎందరో ఉన్న ఊరు ఇది. ఇళ్లు అంటుకునేది ఎక్కువగా ఎగిరివచ్చే నిప్పురవ్వల వల్ల; నూనె నిండిన సీడర్ చెట్టు అంటుకుంటే రవ్వలు చాలా దూరం ఎగురుతాయి. కనుక ఇంటి గోడ నుంచి అయిదు అడుగుల వరకు ఎండుటాకులు, చెక్క పొట్టు, కట్టెలు లేకుండా చూడండి. చూరు గొట్టాలలోని ఆకులు తీయించండి, అటక గాలి రంధ్రాలకు సన్నని లోహపు జాలీ బిగించండి. ఇంటిని తాకే చెక్క కంచె మంటను గోడ దాకా తెస్తుంది, ఆ చివరి భాగాన్ని లోహంతో మార్చడం మేలు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఐ-797 (వలస శాఖ ఇచ్చే ఆమోద పత్రం), విద్యార్థులైతే ఐ-20 (విద్యాసంస్థ ఇచ్చే ప్రవేశ పత్రం) ఒకే సంచిలో పెట్టి, కారు ముక్కు వీధి వైపు ఉంచండి. అద్దె ఇంటివారు కూడా తమ సామాను కోసం రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. యజమాని బీమా వారి వస్తువులకు వర్తించదు.

హోమం విషయం: రెడ్ ఫ్లాగ్ ఉన్న రోజున, కౌంటీ బర్న్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పెట్టడంపై నిషేధం) విధించకపోయినా, పెరట్లో అగ్ని వద్దు. పురోహితులతో మాట్లాడి మరో ముహూర్తం పెట్టించుకోండి, లేదా సంకల్పం, పూజ ఇంట్లో జరిపించి, హోమాన్ని గుడిలోని హోమశాలలో చేయించండి. ఎండు గడ్డి మీద కారు నిలిపినా వేడి ఎగ్జాస్ట్ చాలు అంటుకోవడానికి, కాబట్టి శనివారం వచ్చే అతిథులను కూడా వీధిలో సిమెంటు మీదే బండ్లు ఆపమని ముందుగా చెప్పండి.