ప్రొక్లెయిన్ గంటలు జీపీఎస్‌లో ఒకటి, మీటర్‌లో ఒకటి: ఎవరిది నమ్మాలి?

గంట బాడుగ: రెండు 20 టన్నుల ప్రొక్లెయిన్లు, ఒక జేసీబీ గ్రానైట్ క్వారీలో గంటల లెక్కన తిరుగుతున్నాయి. జీపీఎస్‌లో 9 గంటలు చూపిస్తే మిషన్ మీటర్‌లో ఏడున్నరే. పార్టీ (బాడుగకి తీసుకున్నవాడు) మీటర్ చూసే డబ్బులిస్తానంటున్నాడు. తేడా ఎందుకొస్తోంది? డీజిల్ సెన్సర్ వేయించాలా? గుంతలో సిగ్నల్ లేకపోతే డేటా పోతుందా? ఏ డివైస్ మంచిది?

ఆటో ఎలక్ట్రికల్: డివైస్‌ని ఏమీ అనకండి, వైరు చూడండి. ఇగ్నిషన్ వైరు కీ స్విచ్ నుంచి తీసుంటారు. ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి ఫ్యాను, పాటలు పెట్టుకున్నా జీపీఎస్‌కి అది పనే. ఆ వైరు తీసేసి ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసే డైనమో) డీ ప్లస్ టెర్మినల్‌కి కలపండి. ఇంజన్ తిరిగితేనే అక్కడ పూర్తి ఓల్టేజీ వస్తుంది.

టిప్పర్ 12: అంత శ్రమెందుకన్నా, జీపీఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఓల్టేజీ లిమిట్ పెడితే చాలు, అది దాటితేనే ఇంజన్ నడిచినట్టు. 24 ఓల్టుల బండి ఆగి ఉంటే 25 దగ్గర, నడుస్తుంటే 28 దగ్గర ఉంటుంది. మధ్యలో 26.8 పెట్టండి.

ఆటో ఎలక్ట్రికల్: కాగితం మీద బాగానే ఉంటుంది తమ్ముడూ. ఇంజన్ ఆపాక కూడా బ్యాటరీ కాసేపు పై ఓల్టేజీలోనే ఉంటుంది. బెల్టు వదులైతే ఇంజన్ తిరుగుతున్నా 26 దాటదు. రెండు రకాలుగానూ తప్పే. పైగా జేసీబీ 12 ఓల్టులు, దానికి వేరే లిమిట్ పెట్టాలి. పదిహేనేళ్లుగా ఇవే వైర్లు పడుతున్నా, నా మాట వినండి. ఆల్టర్నేటర్ డబ్ల్యూ టెర్మినల్‌కి మాత్రం కలపకండి, అక్కడొచ్చేది పల్స్, మామూలు డిజిటల్ ఇన్‌పుట్ (కరెంటు ఉందా లేదా అని మాత్రమే చూసేది) దాన్ని చదవలేదు.

చీమకుర్తి రాయి: మీరిద్దరూ ఇంజన్ గంటల దగ్గరే ఆగిపోయారు. టిప్పర్ కోసం ఐడిల్‌లో (ఇంజన్ తిరుగుతూ, పని లేకుండా) నిలబడిన గంటకి పార్టీ ఎందుకివ్వాలి? బకెట్ గంట వేరు, బ్రేకర్ (రాయి పగలగొట్టే సుత్తి) గంట వేరు, రేట్లూ వేరు. బ్రేకర్ పెడల్ పైలట్ లైనుకి (పెడల్ తొక్కితే తక్కువ ప్రెషర్ ఆయిల్ వెళ్లే పైపు) ప్రెషర్ స్విచ్ వేసి, దాని వైరు డివైస్ రెండో ఇన్‌పుట్‌కి ఇవ్వండి. పైలట్ ప్రెషర్ 40 బార్ లోపే కాబట్టి స్విచ్ 10, 15 బార్‌కి సెట్ చేస్తే సరిపోతుంది. బ్రేకర్‌ని నడిపే మెయిన్ లైను మీద వేశారంటే బ్రేకర్ దెబ్బలకి స్విచ్ నిలవదు.

గంట బాడుగ: సేఫ్టీ లివర్ (ఎత్తితే మిషన్ కదలికలు లాక్ అయ్యేది) వైరు పట్టుకుంటే ఐడిల్ తెలియదా?

చీమకుర్తి రాయి: తెలియదు. టిప్పర్ కోసం ఆగినప్పుడు కూడా ఆపరేటర్ లివర్ ఎత్తడు.

టిప్పర్ 12: ఐడిల్‌లో డీజిల్ కాలదా? ఆపరేటర్‌కి జీతం లేదా? ఓనర్ల పొట్ట కొట్టే మాటలు ఇక్కడ మాట్లాడొద్దు.

చీమకుర్తి రాయి: పొట్ట కొట్టడం కాదు. ఐడిల్‌కి వేరే రేటు ముందే రాసుకోమంటున్నా. లెక్క తేలితేనే అడగడానికి నోరుంటుంది.

ట్యాంకు కాపలా: డీజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. కెపాసిటివ్ రాడ్డు (డీజిల్ మట్టం కొలిచే సెన్సర్) ట్యాంకు మధ్యలోనే దించాలి. మూలన దించితే బండి ఏటవాలుకి ఎక్కినప్పుడల్లా దొంగతనం అలర్టే. అడుగున రెండు సెంటీమీటర్లు వదలండి, మడ్డి తగలకుండా. క్యాలిబ్రేషన్‌కి ట్యాంకు ఖాళీ చేసి 20 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ రీడింగ్ రాసుకోవాలి. ఫుల్ ట్యాంకు, ఖాళీ ట్యాంకు రెండే కొలిచి వెళ్లిపోయేవాళ్లకి డబ్బులివ్వకండి, ట్యాంకు నిలువునా ఒకే వెడల్పు ఉండదు. డీజిల్‌లో నీళ్లు కలిస్తే రాడ్డు ఎక్కువ చూపిస్తుంది.

ఆటో ఎలక్ట్రికల్: రిటర్న్ పైపు (ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగొచ్చేది) నుంచి లాగితే నీ రాడ్డు పట్టుకోలేదు. ఇంజన్ నడుస్తుండగా కొద్దికొద్దిగా తగ్గేది కాలినట్టే కనిపిస్తుంది.

ట్యాంకు కాపలా: ఒప్పుకుంటా. అందుకే అలర్టులు కాదు, గంటకి ఎన్ని లీటర్లో రోజూ చూడాలి. అదే పని, అదే ఆపరేటర్, గంటకి రెండు లీటర్లు పెరిగితే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత రిటర్న్ పైపు క్లిప్పులు చూడండి.

టిప్పర్ 12: ఏఐఎస్ 140 (వాహన ట్రాకింగ్ ప్రమాణం) డివైస్ కావాలంటున్నారు, నిజమేనా?

చీమకుర్తి రాయి: అది ప్రయాణికుల వాహనాల కోసం పెట్టిన ప్రమాణం, ప్రొక్లెయిన్‌కి అక్కర్లేదు. ఖనిజం మోసే టిప్పర్‌కైతే మైనింగ్ ఆఫీసులో అడగండి. గుంతలో సిగ్నల్ లేకున్నా మెమరీ ఉన్న డివైస్ దాచుకుని, పైకొచ్చాక పంపుతుంది. జియోఫెన్స్ (మ్యాప్‌లో గీసే హద్దు, దాటితే అలర్ట్) మాత్రం 50 మీటర్లు పెట్టకండి. రాతి గోడలకి సిగ్నల్ తగిలి బండి కదలకుండానే మ్యాప్‌లో చుక్క బయటికి పోతుంది. 200 మీటర్లు, మూడు నిమిషాల ఆలస్యం పెట్టండి.

గంట బాడుగ: రాత్రి మెయిన్ స్విచ్ ఆపితే డివైస్ కూడా ఆగుతోంది.

ఆటో ఎలక్ట్రికల్: ప్లస్ వైరు స్విచ్ తర్వాత తీశారు. స్విచ్‌కి ముందు, నేరుగా బ్యాటరీ నుంచి తీయండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే వేయాలి, డివైస్ దగ్గర కాదు. మధ్యలో వైరు బాడీకి ఒరిస్తే కాలేది ఫ్యూజు కావాలి, క్యాబిన్ కాదు. బకెట్ పళ్లు వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ టెర్మినళ్లతో పాటు ఈ వైరు కూడా విప్పండి.