అప్‌డేట్: పాత పాలసీలు టెర్రాఫామ్ చేతికి వచ్చాయి

ఎలాస్టిక్‌సెర్చ్‌ను (డేటాను దాచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) చూసుకునే తెర అయిన కిబానాలో చేత్తో పెట్టుకున్న లైఫ్‌సైకిల్ పాలసీలు (పాత డేటాను ఎప్పుడు ఏం చేయాలో చెప్పే నియమాలు) టెర్రాఫామ్‌లోకి (ఇలాంటి అమరికలను కోడ్‌గా రాసి నడిపే సాధనం) ఇంపోర్ట్ కావడం లేదని పోయిన వారం అడిగాను. తప్పు నాదే. పాలసీ పేరు ఒక్కటే ఇచ్చాను. ఎలాస్టిక్‌స్టాక్ ప్రొవైడర్‌కు (టెర్రాఫామ్‌ను ఎలాస్టిక్‌సెర్చ్‌తో కలిపే ప్లగిన్) ముందు క్లస్టర్ యూయూఐడీ (ఆ సర్వర్ల గుంపుకున్న ప్రత్యేక గుర్తింపు), ఏటవాలు గీత (/), ఆపైన పేరు కావాలి. ఆ యూయూఐడీ కోసం మాదాపూర్ ఆఫీసులో అరపూట వెతికాను. తీరా చూస్తే, క్లస్టర్ మూల చిరునామాను పలకరిస్తే వచ్చే మొదటి జవాబులోనే ఉంది!

ఒక ఫీల్డు రకాన్ని టెక్స్ట్ (పదాలుగా విడగొట్టి వెతికేది) నుంచి కీవర్డ్‌కు (విలువ మొత్తాన్ని ఒకటిగా చూసేది) మార్చబోతే మాత్రం గుండె ఆగినంత పనయింది. ఇండెక్స్‌ను (డేటా ఉండే చోటు) తొలగించి మళ్లీ సృష్టిస్తానంది ప్లాన్ (టెర్రాఫామ్ ముందుగా చూపే మార్పుల జాబితా). డిలీషన్ ప్రొటెక్షన్ మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది కాబట్టి బతికిపోయాం. చివరికి వేరే ఇండెక్స్ పెట్టి, డేటాను అందులోకి రీఇండెక్స్ (కాపీ) చేశాను.

స్టేట్ ఫైల్‌ను (టెర్రాఫామ్ తన చేతిలో ఉన్నవాటిని రాసిపెట్టుకునే ఫైల్) గిట్‌లో (టీమ్ కోడ్‌ను పంచుకుని దాచుకునే చోటు) పెట్టమన్న సహోద్యోగి సలహా వినలేదు. అందులో పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి.