మోడెమ్ కూతలన్నీ పెడుతుంది, లైను మాత్రం నిలవట్లేదు

చెన్నై వెస్ట్ మాంబళంలో ఇల్లు సర్దుతుంటే అటక మీద నాన్నగారి విండోస్ 98 కంప్యూటర్ దొరికింది, విచిత్రంగా ఆన్ కూడా అయింది. లోపల 56కె (సెకనుకు 56 వేల బిట్ల) మోడెమ్ కార్డుంది, అంటే ఫోన్ లైను మీదుగా డేటా పంపేది. సరదా పుట్టి, బెంగళూరులో మా బావమరిది చేత ఇంకో పాత మోడెమ్‌ని లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి, కాల్ రాగానే అదే ఎత్తేలా పెట్టించాను.

మొదట 680 ఎర్రర్, డయల్ టోన్ లేదట. రిసీవర్ చెవిలో పెట్టుకుంటే టోన్ శుభ్రంగా వినిపిస్తోంది! మోడెమ్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎక్స్3 అనే ఆదేశం రాశాక టోన్ కోసం ఆగకుండా డయల్ చేసింది.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఆ గరగర, కీచు శబ్దాలన్నీ అవుతాయి (అమ్మ పక్కగదిలో ఫోన్ ఎత్తగానే నెట్ పోయిన రోజులు గుర్తొచ్చాయి), సెకనుకు 28,800 బిట్ల దగ్గర కనెక్ట్ అవుతుంది, రెండు నిమిషాల్లోపే తెగిపోతుంది. రెండు వైపులా మామూలు మోడెమ్‌లే కాబట్టి 33.6కె దాటదని తెలుసు, నాకు వేగం అక్కర్లేదు, నిలబడితే చాలు.

కాల్ వెయిటింగ్ తీసేశాను, వైరు మార్చాను. నా అనుమానమంతా ఫైబర్ మీదే. రాగి తీగ పీకేసి ఫైబర్ డబ్బాకే ఫోన్ తగిలించారు, అంటే గొంతు ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒకటీ అరా పోతే మనకి తెలియదు గానీ మోడెమ్ తట్టుకోదు కదా. డబ్బాలో కోడెక్‌ని (గొంతుని డిజిటల్‌గా మార్చే పద్ధతి) శబ్దాన్ని పెద్దగా నొక్కని జీ.711కి మార్చి, ఎకో క్యాన్సిలేషన్ (ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు) ఆపితే సరిపోతుందా? లేక మోడెమ్‌నే 9,600కి దించాలా? ఎవరైనా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్, బావమరిది ఇప్పటికే విసుక్కుంటున్నాడు.